రెండు వేళ్ళు దించిన బండి

బండి కుడివైపుకు ఒరిగింది. ప్రభుదాస్ కాలు చాచాడు గానీ పాదం నేలకు అందలేదు. రెండు వేళ్ళ ఎడం మిగిలింది. మనిషీ బండీ కలిసి వాకిట్లో పడ్డారు.

కళ్యాణి బడిలో పిల్లల వంట ముగించుకుని అప్పుడే వీధి మలుపు తిరిగింది. చప్పుడు విని చేతిలోని గిన్నె ప్రహరీ గోడ మీద పెట్టి పరుగెత్తింది. బండి కింద ఉన్నది అతని కుడికాలే, మడవరాని కాలు. మిర్యాలగూడ మిల్లులో ధాన్యం పైకెత్తే బెల్టు బిగిస్తూ కింద పడిననాటి నుంచీ ఆ మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. ఆపరేషన్ తర్వాత పొడవూ తగ్గింది.

"ముందు పెట్రోలు బంద్ చెయ్యి," అన్నాడతను కిందినుంచే.

"పెట్రోలు మన్నువడ. కాలు గుంజు!"

ఆమె హ్యాండిల్ పట్టుకుని, తొడను సీటుకు ఆనించి బండిని లేపింది. పద్నాలుగు నెలలుగా పట్టా కప్పుకుని గోడవార నిలబడ్డ బండి. పట్టా అవతల కుప్పగా పడి ఉంది. అంటే తనకు చెప్పకుండా పొద్దుటి నుంచీ దీన్ని తుడిచి, గాలి కొట్టి, స్టార్ట్ చేసి పెట్టుకున్నాడన్నమాట.

"ఎవరు ఎక్కుమన్నరు నిన్ను?"

"దామోదర్ రాడట. ఫోన్ చేసిండు. గురువారం పెండ్లి కిరాయి ఒప్పుకున్నడట."

దామోదర్ ఆమె తమ్ముడు. సొంత ఆటో ఉంది. గురువారం తొమ్మిది గంటలకు సూర్యాపేటలో వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు అనీ, ఎక్స్‌రేలు తీసుకుని రావాలనీ ఫోనుకు సందేశం వచ్చినప్పుడు, నేను తీసుకుపోతానక్కా అని ముందుగా అన్నది వాడే.

"బస్సుకు పోదాం. నేను పట్టుకుంట."

"పోయినసారి పోతే ఏమైంది? కాలు ఎక్కడ పెట్టాలో తెల్వక హుజూర్‌నగర్‌లనే దిగితిమి. షేర్ ఆటోవాడు ఏమన్నడో యాదికి లేదా? గా కాలు సాపితే ఇద్దరి జాగ పోతది అన్నడు."

అతని మోచేయి గీసుకుపోయి రక్తం ఊరుతోంది. కళ్యాణి కొంగుతో అద్దబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లేవలేదు కూడా. నేల మీద కూర్చునే బండి ముందు చక్రాన్ని, దాని మీది రెండు పైపులను, పైన హ్యాండిల్‌ను మార్చి మార్చి చూస్తున్నాడు. మిల్లులో ఏదైనా మిషను ఆగిపోయినప్పుడు అతను ఇలాగే కూర్చుని చూసేవాడని అక్కడి తోటి పనివాడు అబ్రహాం చెప్పేవాడు. పాన ముట్టుకోకుండా ముందు అరగంట చూస్తాడట.

"రెండు వేళ్ళే," అన్నాడు చివరికి. "కాలు ఎట్లా పెరగదు. బండినే దించాలె."

మర్నాడు కళ్యాణి బడిలో తోటి వంటామె అలివేలును బతిమాలి తన వంట అప్పగించి కోదాడ బస్సెక్కింది. సంచిలో ఒక క్యాలెండర్ కాగితం మడిచి ఉంది. దాని వెనక ప్రభుదాస్ పెన్సిల్‌తో బొమ్మలు గీశాడు. ఒక పిడి, దాని నుంచి వెనక చక్రం దాకా పోయే వైరు. పక్కన కొలతలు.

కోదాడలో హైవే పక్కన పాత బండ్ల సామాను అమ్మే కొట్టు. పెట్రోలు ట్యాంకులు పుచ్చకాయల్లా పోగుపోసి ఉన్నాయి. కొట్టతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు గీశారమ్మా ఇది?"

"మా ఆయన."

"మెకానిక్కా?"

"రైసు మిల్లుల ఫిట్టరు," అంది. అన్నాక, ఇప్పటికీ మిల్లుకు పోతున్నట్టే చెప్పానని తట్టింది. దిద్దుకోలేదు.

"బ్రేకు కాలితో తొక్కకుండా చేత్తో పట్టేలా అడుగుతున్నాడు కదూ? ఎడంచేతి వైపు. క్లచ్ కింద రెండో లివరు." అతను తల గీరుకున్నాడు. "తెలివైనోడేనండీ. కాలికేమైంది?"

కళ్యాణి చెప్పింది. అతను అయ్యో అనలేదు, అందుకు ఆమెకు అతను నచ్చాడు. లోపలికి పోయి అరగంట వెతికి ఒక లివరు, పొడుగాటి వైరు, చిన్న బండివి రెండు పొట్టి షాక్ అబ్జార్బర్లు తెచ్చాడు. షాకులను నేలకు ఆనించి తన బరువంతా వేసి నొక్కి చూపించాడు.

"ఇవి వెనక వెయ్యమనండి. ముందు మాత్రం కొత్తవి కొనక్కర్లేదు. ఆ పైపులే పట్టు వదులు చేసి పైకి జరిపితే బండి కిందకి దిగుద్ది. కానీ రెండు వేళ్ళ కంటే ఎక్కువ జరపొద్దని చెప్పండి. గుంటలో పడితే చక్రం లేచొచ్చి మడ్‌గార్డు పైన కొట్టుకుద్ది. పెద్ద దెబ్బ తగుల్తది."

నేరేడుచర్లలో బస్సు దిగేసరికి మిర్యాలగూడ బస్సు డ్రైవరు ఆమె కోసం ఆగి ఉన్నాడు. అబ్రహాం పంపిన గోనెసంచి అతని సీటు కింద ఉంది. మిల్లులో ఉండిపోయిన ప్రభుదాస్ పానలు. ఇంటికి వచ్చాక అతను వాటిని వాకిట్లో పరిచి, ఒక్కొక్కటే కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ చీకటి పడేదాకా కూర్చున్నాడు. ఒక్క పాన కూడా తక్కువ కాలేదని రెండుసార్లు చెప్పాడు.

బుధవారం ఆమె బడి నుంచి వచ్చేసరికి బండి ఇంజను కింద ఇటుకలు, చెక్క పెట్టి ముందు భాగాన్ని పైకి లేపి ఉంచాడు. వెనక పొట్టి షాకులు ఎక్కించేశాడు. బ్రేకు వైరు కూడా చేతి లివరుకు కలిపేశాడు. ముందు చక్రం విప్పి గోడకు ఆనించాడు. చక్రం లేని బండి పళ్ళూడిన ముఖంలా ఉంది. అతను పీట మీద కుడికాలు చాపుకుని కూర్చున్నాడు.

"పైది నేను విప్పిన. కింది బోల్టు కాడికి నా చెయ్యి పోతలేదు. వంగాలె. నువ్వే రావాలె."

హ్యాండిల్ కింద రెండు పైపులనూ కలిపి పట్టుకునే ఇనుప దిమ్మె ఉంటుంది. దాన్ని టీ అంటారు. పైన ఒకటి, కింద ఒకటి. కళ్యాణి చీర కుచ్చెళ్ళు దోపుకుని నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి తల పెట్టింది. అతను అందించిన పాన బోల్టుకు తగిలించింది.

"ఎటు తిప్పాలె?"

"నీ ఎడంచెయ్యి దిక్కు. అట్ల కాదు, నువ్వు కిందికెల్లి సూస్తున్నవ్ గద, ఇటు. ఆఁ. మెల్లగ. గుంజకు, ఒత్తు."

బోల్టు కదల్లేదు. అతను కిరసనాయిలు చుక్కలు వదిలాడు. అవి జారి ఆమె మెడ మీద పడ్డాయి. మళ్ళీ పట్టింది. దవడ బిగించింది. టక్కుమని శబ్దం చేసి బోల్టు తిరిగింది. అతను పైన నవ్వడం ఆమెకు వినిపించింది. ఎన్నాళ్ళకు విన్నదో.

"మిల్లుల ఉంటే నీకు ఫిట్టరు పని ఇప్పిద్దును."

"మాటలొద్దు. ఇగ ఏం చెయ్యాలె?"

పైపులు తుప్పుకు పట్టేసి ఉన్నాయి. కింద చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టమన్నాడు. పైపు మీద కొట్టొద్దని పదిసార్లు చెప్పాడు. ఆమె కొడుతూ ఉంటే అతను పైన రెండు చేతులతో పైపును అటూ ఇటూ మెలి తిప్పాడు. అతని నుదుటి చెమట ట్యాంకు మీద రాలింది. కొంతసేపటికి పైపు ఒక్క జర్కుతో పైకి జరిగింది. టీ మీద రెండు వేళ్ళ మేర మెరుస్తూ తల ఎత్తింది. రెండోది అంత సతాయించలేదు.

"రెండూ సమానం ఉండాలె. వెంట్రుకంత తేడా వచ్చినా చక్రం వంకర పోతది."

చీపురుపుల్ల తెమ్మన్నాడు. ఒక పైపు మీద ఆనించి గోటితో అక్కడికి తుంచాడు. ఆ ముక్కనే రెండో పైపు పక్కన పెట్టి చూశాడు. కన్ను చిట్లించి మళ్ళీ చూశాడు. సుత్తితో ఒక చిన్న దెబ్బ. మళ్ళీ పుల్ల. అలా నాలుగుసార్లు. ఆ తర్వాత బోల్టులు బిగించి, చక్రం ఎక్కించి, మడ్‌గార్డు మీద తడిమట్టి ముద్ద ఒకటి పెట్టి, ఆమెను హ్యాండిల్ మీద ఎంత బలముంటే అంత బలంతో నొక్కమన్నాడు. కళ్యాణి రెండుసార్లు ఎగిరి నొక్కింది. అతను ఒంగలేక పీట మీంచి పక్కకు వాలి, ముద్ద ఎంత అణిగిందో వేలు పెట్టి చూశాడు.

"వేలు మందం మిగిలింది. సాలు. గుంటల పడ్డా తగలదు."

కుడికాలు ఎక్కడ పెట్టాలన్నది చివరి చిక్కు. మోకాలు వంగదు గనుక మామూలు చోట ఆనదు. ఇంజను ముందు ఇనుప గార్డు ఉంది. దానికి సైకిలు ట్యూబు చుట్టి మెత్తగా చేశారు. అతను గోడ పట్టుకుని బండెక్కి కాలు చాచి గార్డు మీద పెట్టుకుంటే, పడక్కుర్చీలో కూర్చున్నట్టు కుదిరింది. రెండో పాదం దించాడు. మడమతో సహా నేలకు ఆనింది. బండిని కావాలని కుడికి వంచాడు. గార్డు మీంచి కాలు తీసి నేలకు తాకించాడు. అందింది. పడలేదు.

పొద్దు వాలకముందే కాలువ కట్ట మీదికి పోయాడు. కళ్యాణి కట్ట మొదట్లో నిలబడింది. బండి దూరమవుతుంటే ఆమె చేతులు తెలియకుండానే ముందుకు లేచాయి, పడబోయేవాణ్ణి పట్టుకునేట్టు. చాలా దూరం పోయి తిప్పుకుని వచ్చి, చెప్పిన చోట సరిగ్గా ఆపాడు. ముందు సగం దిగిన ఆ బండి తల వంచుకుని నడిచే కోడెలా ఉందనిపించిందామెకు.

"హ్యాండిల్ జర తొందరగ తిరుగుతుంది. అలవాటైతది," అన్నాడు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ, "ఎవ్వరినీ అడగక్కర్లేదిగ" అన్నాడు.

గురువారం ఆరుగంటలకే బయల్దేరారు. గరిడేపల్లి దాకా వడ్ల ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. ఎక్స్‌రేల సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్యాణి వెనక కూర్చుంది. అతను తొందరపడలేదు. ఒక్కచోట మాత్రం బర్రెలు రోడ్డు దాటుతుంటే చేతి బ్రేకు పట్టి బండి ఆపి, పాదం దించి, వెనక్కి తిరిగి ఆమెను చూశాడు.

క్యాంపు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. గేటు బయట ఆటోలు, వీల్‌చైర్లు, భుజాల మీద మోసుకొచ్చిన మనుషులు. వాళ్ళ మధ్యలోంచి ప్రభుదాస్ బండి మెల్లగా లోపలికి పోయి మెట్ల పక్కన ఆగింది. అందరూ చూశారు. గార్డు మీంచి అతను కాలు దించుకోవడం, బండికి కట్టుకున్న చంకకర్ర తీసుకోవడం కూడా చూశారు. పాతికేళ్ళ కుర్రాడొకడు కర్ర ఊనుకుంటూ వచ్చి ముందు పైపులు ఒంగి చూశాడు. వాడి కుడికాలు సన్నగా ఎండినట్టుంది. పక్కన భార్య.

"ఎవరు చేసిచ్చిండ్రన్నా?"

"నేనే చేసిన. మా ఇంటామె, నేను."

వాడి పేరు జగన్. మఠంపల్లి దగ్గర తండా. భార్య కావ్య. నీ తారీఖు వచ్చే గురువారం అని చెప్పి మొదటి బల్ల దగ్గరే వెనక్కి పంపారట. అంత దూరం వచ్చి వాళ్ళు ఇంకా మెట్ల మీదే కూర్చున్నారు. ప్రభుదాస్ వాడికి తన ఇంటి గుర్తులు చెప్పాడు.

పిలుపు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరు చిన్నవాడే. కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు. ప్రభుదాస్‌ను బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచబోయాడు. టేపుతో రెండు కాళ్ళూ కొలిచాడు. చేతులు మెత్తగా ఉన్నాయి, నొప్పి పుడితే చెప్పమని ప్రతిసారీ అన్నాడు.

"బాగా బిగుసుకుపోయింది. కింద కూర్చోలేరు కదా?"

"లేదు సార్."

"మెట్లు?"

"కష్టం సార్."

"ఎంత దూరం నుంచి వచ్చారు? ఎలా వచ్చారు?"

ఈ ప్రశ్న ఎందుకో కళ్యాణికి అప్పుడే అర్థమైంది. వెనక నుంచి అతని చొక్కా అంచు పట్టి లాగింది. అతనికి తెలియలేదు.

"నేరేడుచర్ల సార్. బండి మీద వచ్చినం. నేనే నడుపుకుంట వచ్చిన."

డాక్టరు తల ఎత్తాడు. "ఈ కాలితోనా?"

"బండి దించుకున్న సార్. ముందు పైపులు రెండు వేళ్ళు పైకి జరిపి, బ్రేకు చేతికి పెట్టుకున్న. కాలు సాపెటందుకు గార్డు ఉంది." బల్ల మీద పడుకునే, రెండు చేతులూ గాల్లో ఎత్తి టీ ఎక్కడుంటుందో, పైపులు ఎట్లా జరుగుతాయో చూపిస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఏడాదిగా డాక్టర్లందరికీ అవును సార్, లేదు సార్ తప్ప ఏమీ చెప్పనివాడు. "చీపురుపుల్లతోని కొలిచిన సార్. వెంట్రుక తేడా లేదు."

డాక్టరు కిటికీ దగ్గరికి పోయి కిందికి చూశాడు. "ఆ నల్ల బండేనా? శభాష్ అండీ. పొద్దుటి నుంచీ ఇక్కడ ఏడుపులే వింటున్నా. మీలాంటివాళ్ళు చాలా తక్కువ." అని నిజంగానే సంతోషపడుతూ కుర్చీలో కూర్చుని రాశాడు.

బయటి బల్ల దగ్గర కంప్యూటరు మీద కూర్చున్నామె కాగితం అందుకుని అంకె కొట్టింది.

"ముప్పై ఎనిమిది."

"అంటే ఏందమ్మా?" అంది కళ్యాణి.

"నలభై శాతం ఉంటేనే పింఛను. బస్సు పాస్ అయినా అంతే. పక్కకు జరగండి, తర్వాతి పేరు."

కళ్యాణి కాగితం లాక్కున్నంత పని చేసి మళ్ళీ లోపలికి పోయింది. డాక్టరు ఇంకో మనిషి చెయ్యి వంచుతున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"సార్, రెండే తక్కువైనయి. మిల్లు పని పోయింది సార్. కింద కూసోడు. బరువు ఎత్తడు. లెట్రిన్‌కు పోవాలన్నా నేను—"

"అమ్మా, యాభై కిలోమీటర్లు బండి నడుపుకుని వచ్చారు. పొద్దున అందరూ చూశారు. నేను ఎక్కువ రాస్తే రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. "మూడు నెలల తర్వాత మళ్ళీ పెట్టుకోండి."

ప్రభుదాస్ ఆమె వెనకే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇందాక చెప్పిందంతా ఎలా వెనక్కి తీసుకోవాలో అతనికి అంతుబట్టలేదు.

"సార్," అన్నాడు. "నడిచేది బండి సార్. నేను కాదు."

డాక్టరు చూపు దించుకున్నాడు. లోపలి మనిషి చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. అటెండరు వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా, చొక్కా ఇంకొంచెం గట్టిగా లాగి ఉంటే అని కళ్యాణి అనుకుంటూనే ఉంది. ఇంటి ముందు దిగాక ప్రభుదాస్ బండి మీద మళ్ళీ పట్టా కప్పాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో తాళ్ళతో కట్టిన బండి. జగన్, కావ్య అరుగు మీద కూర్చుని ఏదో లంబాడీలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. వీళ్ళను చూసి జగన్ కర్ర ఊని లేచాడు.

"అన్నా, నాది గూడ దించాలె. నీ లెక్కనే. మిరప తోటకు పోవాలంటే రోజూ ఎవరినో ఒకర్ని అడుగుడైతుంది."

ప్రభుదాస్ ముఖంలో కళ వచ్చింది. కళ్యాణి అన్నం పెడతానన్నా ఆగలేదు. బండిని దింపించి, ఇటుకలు వేయించి, పీట జరుపుకుని కూర్చున్నాడు. కాసేపు ఊరికే చూశాడు. పైపులు తడిమాడు. తర్వాత పై టీ బోల్టు వదులు చేశాడు. అడక్కుండానే కళ్యాణి కుచ్చెళ్ళు దోపుకుని కింద పడుకుంది. ఈసారి ఎటు తిప్పాలో ఆమెకు తెలుసు. ఎడం పైపు జరిగింది. కుడిది కూడా జరిగింది. అతను చీపురుపుల్ల తుంచుతూ మామూలుగా అడిగాడు.

"సర్టిఫికెట్ వచ్చిందా తమ్మీ?"

"ఎక్కడిదన్నా? ఈ గురువారం గద రమ్మన్నరు."

పుల్ల అతని వేళ్ళలోనే ఆగిపోయింది. కళ్యాణి బండి కింద నుంచి అతని పాదాన్ని మాత్రమే చూడగలుగుతోంది. ఆ పాదం కదల్లేదు.

"కళ్యాణీ," అన్నాడు. "పైపులు మళ్ళ కిందికి కొట్టు. ఎక్కడున్నయో గక్కడికి."

"ఏమైందన్నా?" జగన్ కంగారుపడ్డాడు. "సెట్ కాదా నా బండికి?"

"మంచిగ సెట్ అయితది. అందుకే వద్దంటున్న. దించితే నువ్వు దీని మీదనే పోతవ్. పోకుంట ఉండలేవు. నేను ఉండలేకపోతి. బండి మీద వస్తినని నాకు రెండు తక్కువ రాసిండ్రు." చేతిలోని పుల్ల పక్కన పడేస్తూ అన్నాడు. "కాయిదం చేతికి వచ్చినంక రా. ఒక్క పూటల చేసిస్త. గప్పటిదాక దీన్ని ముట్టకు."

సుత్తి దెబ్బలకు పైపులు తిరిగి తమ చోటికి దిగాయి. కావ్య భర్త వైపు చూసి, ప్రభుదాస్ వైపు చూసింది.

"మరి ఎట్ల తోల్కపోవాలన్నా? ఈయన ఒక్కడే నడుస్తనంటడు. ఎవ్వలి చెయ్యి పట్టుకోడు."

ప్రభుదాస్ పాన కింద పెట్టాడు. గోడ పట్టుకుని లేచాడు. కళ్యాణి కూడా చీర దులుపుకుంటూ లేచింది.

"ఇటు రా," అన్నాడు కళ్యాణితో. తర్వాత కావ్య వైపు తిరిగాడు. "సూడు చెల్లె. గిట్ల భుజం మీద చెయ్యి ఏపిచ్చుకోవాలె. నువ్వు నడుము పట్టుకోవాలె. అడుగడుక్కు జర ఆగాలె. పేరు పిలిచినా టక్కున లేవొద్దు. ఎట్లొచ్చినవ్ అంటే నువ్వే చెప్పు, ఆయనను చెప్పనియ్యకు."

చంకకర్ర వదిలేసి కళ్యాణి భుజం మీదికి ఒరిగాడు. బండి దగ్గర నుంచి గడప దాకా ఎనిమిది అడుగులు. కావ్య పెదవులు కదుపుతూ చూస్తోంది. జగన్ తల పక్కకు తిప్పుకున్నాడు. కళ్యాణికి మొదటి అడుగులోనే మోకాలు వంగింది. దవాఖాన నుంచి తెచ్చిన రోజున కూడా అతను ఆమె మీద ఇంత బరువు వేయలేదు. ఇందులో ఎంత చూపించడానికో, ఎంత నిజంగానో ఆమెకు అంతు చిక్కలేదు. నాలుగో అడుగుకు ఆమె వీపు తడిసింది. గడప దగ్గర ఆగి, ఇక చెయ్యి తీస్తాడని చూసింది. తీయలేదు.

"అయిపోయింది గద," అంది మెల్లగా, అతనికి మాత్రమే వినిపించేట్టు.

"జర ఆగు," అన్నాడు. అతని ఊపిరి ఆమె చెవి దగ్గర ఎగపోస్తోంది.

ఆమె ఆగింది.